నా కుడికాలు ఆగేచోట

2018 ఫిబ్రవరి 5, సోమవారం

ఈరోజు నా నడకను వెనకనుంచి చూశాను.

పంజగుట్ట ఆఫీసులో, రెండో అంతస్తులో, కాళ్లు పడిపోయిన భానుచందర్ గారికి నడిపించే ఫ్రేమ్ తొడిగాం. తుంటి దగ్గర మోటార్లు, మోకాళ్ల దగ్గర మోటార్లు, వీపున బ్యాటరీ, చేతుల్లో కర్రలు. నేను వెనక నిలబడి ఆయన నడుముకున్న బెల్టు పట్టుకున్నాను. ఫణీంద్ర గారు ల్యాప్‌టాప్ ముందునుంచి "వదుల్తున్నా" అన్నారు. ఎడమకాలు లేచింది, పడింది. కుడికాలు లేచింది, కింద పెట్టబోయి ఒక్క క్షణం గాల్లో ఆగింది. అప్పుడు పడింది.

ఆ ఆగడం నాది. చిన్నప్పుడు అమ్మ తిట్టేది, "ఏంటే ఆ నడక, నేలను అడిగి అడుగేస్తావా" అని.

నవంబర్‌లో రికార్డింగ్ చేసిన రోజు గదిలో ఉన్నది నేనూ ఫణీంద్ర గారే. కంపెనీ ఆయనది, ల్యాప్‌టాప్ ఆయనే చూడాలి. కాబట్టి సెన్సర్ పట్టీలు నా కాళ్లకు కట్టి వరండాలో అటూ ఇటూ నడిపించారు. "తర్వాత పదిమందివి తీసుకుని సగటు చేద్దాం, ప్రస్తుతానికిది చాలు" అన్నారు. మా ఆఫీసులో ప్రస్తుతానికి పెట్టినవన్నీ అలాగే ఉండిపోతాయి. కిటికీ అద్దం బదులు పెట్టిన అట్టముక్క కూడా.

భానుచందర్ గారికి ఇది తెలియదు. చెప్పాల్సిన పనేముంది? యంత్రంలో ఎవరో ఒకరి నడక ఉండాలి కదా.

ఫిబ్రవరి 7

అమ్మ ఫోన్. ఇంటర్వ్యూలకు వెళ్తున్నానా అని. వెళ్తున్నానన్నాను.

మంజూషకు ఆ అబద్ధం చెప్పడం కుదరదు, హాస్టల్లో పక్క మంచమే. భీమవరం పిల్ల. అమీర్‌పేటలో దిగిన రోజునుంచి టెస్టింగ్ కోర్సు నోట్సు తప్ప ఇంకో కాగితం ముట్టలేదు. మా కిటికీలోంచి కనిపించే బోర్డులన్నీ ఉద్యోగం గ్యారంటీ అనేవే. వాటి మీదుగా మెట్రో వెళ్తుంటుంది, ఎక్కినవాళ్లందరికీ ఎక్కడ దిగాలో తెలిసినట్టు.

"ట్రిపుల్‌ఈ చదివి ఇనప కాళ్లు తుడుస్తున్నావ్. ఎన్నాళ్లే?"

"తుడవడం కాదు, కాలిబ్రేషన్."

"సరే తల్లీ, కాలిబ్రేషన్ ఎన్నాళ్లు?"

ఒకచోట కూర్చుని చేసే పని నావల్ల కాదనే ఇక్కడ చేరాను. కారణం అదే. మర్చిపోకుండా రాసిపెట్టుకుంటున్నాను.

ఫిబ్రవరి 12

ఈ వారం రోజుల్లో భానుచందర్ గారు బాగా నడిచారు. వరండా చివర కుర్చీలో కూర్చోబెట్టి పట్టీలు సడలిస్తుంటే మాట్లాడారు. మామూలుగా మాట్లాడే మనిషి కాదు.

సిరిసిల్లలో మగ్గాల ఇల్లు. మిలిటరీలో చేరాక సెలవులకు తప్ప ఇంటిపట్టున లేరు. రెండేళ్ల కిందట కొండ దారిలో ట్రక్కు లోయలోకి జారింది. అప్పటినుంచి నడుము కింద ఏమీ తెలియదు. ఇప్పుడు ఎర్రగడ్డలో గది తీసుకుని వాళ్లమ్మ బుచ్చవ్వతో ఉంటున్నారు.

మా కంపెనీ మొదట్లో జవాన్లు కొండలమీద బరువులు మోయడానికి ఫ్రేమ్ చేసిందనీ, ఆ కాంట్రాక్టు రాక ఇలా వైద్యం వైపు తిరిగిందనీ చెప్పాను. నవ్వారు.

"అప్పుడిస్తే బరువు మోద్దును మేడమ్. నేనే బరువైనంక ఇస్తుండ్రు."

నవ్వాలో వద్దో తెలియక పట్టీ ముడి మళ్లీ విప్పి మళ్లీ వేశాను.

ఫిబ్రవరి 13

ఫ్రేమ్ రిపేరుకు సనత్‌నగర్ షెడ్డుకు వెళ్లింది. ఆయన రాలేదు. ఆఫీసులో నాకు చేసేందుకేమీ లేదు. సాయంత్రం దాకా కూర్చున్నాను.

ఫిబ్రవరి 16

ఫ్రేమ్‌ను ఆటోలో వేసుకొచ్చిన టెక్నీషియన్ సాయిలు అడిగాడు, "మేడమ్, అందరం భానన్న అంటం. మీరొక్కరే గారు గీరు అంటరు, ఏంది?"

"మాది కాకినాడ. అలవాటు లేదు."

"కాకినాడల అన్నలుండరా?"

భానుచందర్ గారు విన్నారు. నేను చార్జర్ వెతకడానికి లోపలికి వెళ్లాను. చార్జర్ నా చేతిలోనే ఉంది.

ఫిబ్రవరి 21

బెల్టు పట్టుకోవడం గురించి. వేరెవరికీ చెప్పలేను కనుక ఇక్కడ.

వెనక నడిచే మనిషి ముందున్న మనిషి కాళ్లు చూసుకుంటూ అడుగెయ్యాలి, లేకపోతే మడమ తొక్కేస్తారు. మా దగ్గర నేర్చుకోవడానికి వచ్చే ఫిజియోథెరపీ స్టూడెంట్లకు నేను మొదట చెప్పేది ఇదే. నేను చూడక్కర్లేదు. ఆయన కుడికాలు ఎప్పుడు ఆగుతుందో నా కుడికాలికి తెలుసు. కిటికీలోంచి పంజగుట్ట ఫ్లైఓవర్ చూస్తూ నడిచినా అడుగు తప్పదు. మా ఇద్దరి అడుగుల చప్పుడు వరండాలో ఒకటే వినిపిస్తుంది.

ఈరోజు మలుపు దగ్గర ఆయన ఆగి అన్నారు, "మేడమ్, ఒకటి అడగాల్నా?"

"అడగండి."

"కాళ్లు నావే. నడక నాది కాదు. ఎవల్దో."

"మీకు కాళ్లు తెలియవు కదా" అన్నాను. అనకూడని మాట. ఆయన బాధపడలేదు.

"కాళ్లు తెల్వయ్. నడుము మీద తెలుస్తది. కుడిదిక్కు జర ఆగుతది, మల్ల పోతది. నేను ఆగెటోన్ని కాదు."

"కొత్తలో అలాగే ఉంటుందండీ. అలవాటైతే సర్దుకుంటుంది."

"ఠీక్ హై" అన్నారు. కాళ్లు కదిలాయి. కుడికాలు ఆగింది.

ఫిబ్రవరి 22

ఫణీంద్ర గారు గుర్తుచేసుకున్నారు. "ధాత్రీ, ఆ సగటు సంగతి. పదిమందిని నడిపించి కొత్త ఫైలు చేద్దామనుకున్నాం కదా. భానుచందర్ గారు ఏదో ఇబ్బందంటున్నారట?"

"సగటు చేస్తే మోకాలు వణుకుతుంది సార్."

"టెస్ట్ చేశావా?"

"చేశాను."

చెయ్యలేదు. కానీ వణుకుతుంది, నాకు తెలుసు. పదిమంది నడకలు కలిపితే ఎవరి నడకా కాకుండా పోతుంది. అలాంటిది మనిషికి ఎక్కించడం మంచిది కాదు. ఆయన క్షేమం కోసమే అన్నాను.

మార్చి 1

పంజగుట్టనుంచి హాస్టల్ దాకా నడిచొచ్చాను. బస్సులు ఖాళీగానే ఉన్నాయి. ఎవరైనా వెనకనుంచి నన్ను చూస్తే ఆయన గుర్తొస్తారా అనుకుంటూ నడిచాను.

మార్చి 5

ఆయన ఇవాళ వరండా పూర్తిగా రెండుసార్లు తిరిగారు. చెమటతో చొక్కా తడిసిపోయింది. నీళ్లిస్తే తాగి, గ్లాసు తిరిగిచ్చి అన్నారు.

"ఇగ పిలుస్త మేడమ్."

"ఎవర్ని?"

"మా ఆమెను. సుమలత."

ప్రమాదం అయ్యాక పుట్టింటికి తనే పంపించారట. ఆమె పోనంటే మాట్లాడ్డం మానేశారట. "మంచంల ఉన్నోన్ని చూసుకుంట కూసోకు, నేను లేచినంక నేనే పిలుస్త అన్న. మాట మీద ఉన్న." సిరిసిల్లలో లంగాలు కుడుతోంది. రోజూ ఫోన్ చేస్తుంది. ఈయన ఫోన్ వాళ్లమ్మకు ఇచ్చేస్తారు.

"నడుచుకుంట ఎదురుపోవాలె. గాయింత చాలు. ఆ ఒక్క దినం కోసమే వస్తున్న ఇక్కడికి."

"తప్పకుండా నడుస్తారు" అన్నాను. నా గొంతు బాగానే ఉంది.

మార్చి 6

ఆయనకు పెళ్లయిన సంగతి నాకు తెలియనిది కాదు. ఎప్పుడూ అడగలేదు కాబట్టి తెలియనట్టు ఉండింది, అంతే.

మార్చి 9

మంజూష: "ఏంటే, అన్నం కలిపి వదిలేశావ్?"

నేను: "వేడి."

ఆ సాంబారు పొద్దుటిది.

మార్చి 14

ఉగాది మర్నాడు సోమవారం ఆమె వస్తోంది. ఆయన క్షవరం చేయించుకున్నారు. మీసం మిలిటరీలో ఉన్నప్పటిలా కత్తిరించమంటే ఎర్రగడ్డ మంగలి ఎక్కువ కత్తిరించాడని సాయిలు ఏడిపించాడు. "మీసం సంగతి నీకెందుకురా, మోటార్ల సంగతి చూడు" అన్నారు. ఇంత హుషారుగా ఎప్పుడూ లేరు.

ఈ నాలుగు రోజుల్లో సగటు ఫైలు చెయ్యొచ్చు. మా ఆఫీసు మెట్ల మీదే, పైనున్న కోచింగ్ ఇన్‌స్టిట్యూట్ కుర్రాళ్లు పదిమందికి తక్కువ దొరకరు. కానీ చివరి నిమిషంలో మారిస్తే ఆయన తడబడతారు. ఆమె ముందు పడిపోతే? వద్దు. ఉన్నదే ఉండనీ.

మార్చి 19, సోమవారం

సుమలత పొట్టిగా, చామనఛాయగా ఉంది. చీరకు సేఫ్టీపిన్ను కూడా వంకర లేకుండా పెట్టుకుంది. బుచ్చవ్వను వెంటబెట్టుకుని మెట్లెక్కి వచ్చేసరికి ఆయన ఫ్రేమ్‌లో నిలబడి సిద్ధంగా ఉన్నారు. నేను వెనక.

ఆయన నడిచారు. ఒక్కసారి కూడా తడబడలేదు. ఆమె దగ్గరికి వెళ్లి ఆగి, ఏమనాలో తెలియక, "ఎండల వచ్చినవా?" అన్నారు. ఆమె "ఊ" అంది. బుచ్చవ్వ ఏడ్చింది, సాయిలు ముక్కు తుడుచుకున్నాడు. సుమలత ఏడవలేదు. ఆయన మొహం చూసింది, తర్వాత కాళ్లు చూసింది. "ఇంకోపారి నడువుండ్రి" అంది. ఆయన సంతోషంగా తిరిగారు. ఆమె చూపు కాళ్లమీదే ఉంది.

"మంచిగ నడుస్తున్నరు" అంది. నాకెందుకో ఆ మాట ఆఫీసరుకు చెప్పినట్టు వినిపించింది.

ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టాక టీ తేవడానికి వరండా చివరికి వెళ్లాను. వెనక ఆమె చూస్తోందని తెలుసు. కుడికాలు ఆగకుండా నడవాలని ప్రయత్నించాను. ఆ ప్రయత్నంలో గడప తట్టుకుని గ్లాసులు దొర్లించాను. ఏరడానికి ఆమే వచ్చింది. వంగి గ్లాసు అందిస్తూ మెల్లగా అంది:

"గా నడక నీది గదా చెల్లె."

రికార్డింగ్ సంగతి చెప్పాను. పట్టీలు, ల్యాప్‌టాప్, గదిలో ఇద్దరమే ఉండటం. 'ఇద్దరమే' అన్నాక, "నేనూ మా సారూ" అని కలిపాను.

"ఆయనకెర్కనా?"

"తెలియదండీ."

"ఎన్నాళ్ల సంది నడుస్తుండు గిట్ల?"

"నెలన్నర."

గ్లాసును కొంగుతో తుడిచింది. కోపంగా లేదు, అదే నాకు కష్టంగా ఉంది. "పెండ్లయిన కాడ్నుంచి నేను ఆయన ఎనకనే నడిచిన. బజారుకైనా, దవాఖానకైనా. ఆయన ముఖం కన్నా ఎన్క వీపే నాకు బాగెర్క. ఇయ్యాల ఎదురొస్తుంటే, వచ్చేటిది నా మొగడే గని నడిచేటిది ఎవలో ఆడపిల్ల అనిపిచ్చింది. నవ్వొచ్చింది. మల్ల నిన్ను చూసిన. నవ్వు పోయింది."

నేను టీ కెటిల్ అందుకున్నాను.

"మార్చనీకె వస్తదా?"

రాదు అని చెప్పొచ్చు. వణుకుతుందని చెప్పొచ్చు. ఫణీంద్ర గారు నమ్మారు, ఆమె ఎందుకు నమ్మదు. టీ కెటిల్ చేతిలో కాలుతోంది, కింద పెట్టే చోటు కనిపించలేదు.

"వస్తుంది" అన్నాను. "ఎవరైనా పట్టీలు కట్టుకుని నడిస్తే చాలు. వాళ్ల నడక ఎక్కుతుంది."

"అయితే నాకు కట్టు."

"మీరు నడిస్తే మీ నడకే వస్తుందండీ."

"నేను నా లెక్క ఎందుకు నడుస్త?" అంది. "ఆయన లెక్క నడుస్త."

మార్చి 20

ఫణీంద్ర గారు మొదట ఒప్పుకోలేదు. "అమ్మా, ఇది సైన్సు. అనుకరిస్తే ఎలా వస్తుంది?" అన్నారు.

"నడిచినంక చూడు సారూ. రాకుంటే తుడిపెయ్."

చీరమీద పట్టీలు నిలవవు. నా బ్యాగులో ట్రాక్ ప్యాంట్ ఉంది. ఇచ్చాను. బాత్రూంలోంచి ఎంతకీ రాలేదు. చివరికి తలుపు సందులోంచి, "చెల్లె, గిది మందిల ఏసుకునేదేనా?" అంది. పొడుగైపోతే అంచులు నేనే మడిచాను. తర్వాత కింద కూర్చుని ఆమె తొడకు, మోకాలికి, చీలమండకు పట్టీలు కట్టాను. ఆమె నా తలవైపు చూస్తూ నిలబడింది.

"చెల్లె" అంది, నాకొక్కదానికే వినపడేలా. "నీ నడక మంచిగుంటది. ఎవలకోసమో ఆగుకుంట నడుస్తవ్."

పట్టీ బిగువుగా ఉందా అని అడిగాను. సరిగ్గానే ఉందంది.

ఆమె వరండా చివరికి వెళ్లి నిలబడి, భుజాలు వెనక్కి విరిచింది. గడ్డం కొద్దిగా ఎత్తింది. నడక మొదలుపెట్టింది. మడమ ముందు, గట్టిగా, నేలకు ఏదో బాకీ ఉన్నట్టు. ఎడమ పాదం కొంచెం బయటికి. అడుగు ఆమె పొట్టి కాళ్లకు మించి పడుతోంది. సాయిలు కిసుక్కున నవ్వాడు, బుచ్చవ్వ కూడా. తర్వాత బుచ్చవ్వ నవ్వు ఆగింది. "అవ్వా, నా కొడుకే" అంది.

భానుచందర్ గారు చక్రాల కుర్చీలోంచి చూస్తున్నారు. "ఏయ్, నేనట్ల నడుస్తనా?"

"అట్లనే. పెరేడు అయిపోయినంక సుత పెరేడులున్నట్టె."

"కొంచెం ఎక్కువ చేస్తున్నవ్."

"తక్కువ చేస్తున్న. మంది ఉన్నరని."

మలుపు దగ్గర ఆమె ఒళ్లంతా ఒక్కసారే తిప్పి, తల వెనక్కి తిప్పి చూసింది. ఎందుకలా అని ఫణీంద్ర గారు అడిగారు.

"నేను వస్తున్ననా లేదా అని చూస్తడు."

"తల ఇందులో రికార్డవదమ్మా."

"గది నువ్వు ఎక్కియ్యకు సారూ. ఆయనే చూస్తడు."

భానుచందర్ గారు అప్పుడు మొహం తిప్పేసుకున్నారు. నేను ఆయన మీసం వైపు చూశాను, మంగలి నిజంగానే ఒక పక్క ఎక్కువ కత్తిరించాడు.

సాయంత్రం ఫైలు నేనే సరిచేశాను. వణుకు ఎక్కడా లేదు.

మార్చి 21

సగటు చేస్తే మోకాలు వణుకుతుందన్న మాట అబద్ధమని ఫణీంద్ర గారితో చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి, "ఎందుకు చెప్పావ్?" అన్నారు. "బద్ధకం సార్" అన్నాను. నమ్మారు. బద్ధకమైతే అందరూ నమ్ముతారు.

మార్చి 23, శుక్రవారం

కొత్త నడక ఎక్కించాం. నేను వెనక బెల్టు పట్టుకున్నాను. ఫణీంద్ర గారు "వదుల్తున్నా" అన్నారు.

మడమ, చప్పుడు. మడమ, చప్పుడు. ఆయన వీపు ఒక్కసారిగా పొడుగైనట్టనిపించింది. "అద్దీ" అన్నారు, తనలో తనే. నా కుడికాలు అలవాటుగా గాల్లో ఆగింది, ఆయన అప్పటికే ముందుకెళ్లిపోయారు. అందుకోబోయి నా చెప్పు ఆయన మడమమీద పడింది. ఫ్రేమ్ ఊగింది. సుమలత పక్కనుంచి ఒడిసి పట్టింది. పడలేదు. నెలన్నరలో నేను ఆయన మడమ తొక్కడం అదే మొదలు.

"చూసుకుని అడుగెయ్ ధాత్రీ" అన్నారు ఫణీంద్ర గారు. నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలకు నేను చెప్పే మాట.

చూసుకుని ఇంకో నాలుగడుగులు వేశాను. కుదరలేదు. సుమలతను పిలిచి నా చోట నిలబెట్టాను.

"గట్టిగా పట్టుకోవద్దండీ. ఆయన బరువు మీకు తెలియాలి. మీ చెయ్యి ఆయనకు తెలియకూడదు."

"పట్టుకున్నట్టు తెల్వకుండా పట్టుకోవాల్నా?"

"అవును. రెండు రోజుల్లో వస్తుంది."

ఆమెకు రెండు రోజులు పట్టలేదు. రెండో తిరుగుడుకే కుదిరింది. మలుపు దగ్గర ఆయన తల తిప్పి వెనక్కి చూశారు. ఆమె "నడువుండ్రి, ఇక్కడ్నే ఉన్న" అంది.

సాయంత్రం ఆటో కోసం సాయిలు కిందికి వెళ్లాడు. సుమలత బాత్రూంలో మొహం కడుక్కుంటోంది. ఆయన్ని చక్రాల కుర్చీలోకి మార్చి నేను ఫ్రేమ్ పట్టీలు చుట్టపెడుతున్నాను.

"మేడమ్."

"చెప్పండి."

"గిప్పుడున్నది నాది. మరి ఇంతకుముందున్నది ఎవల్ది?"

నా చేతిలో పట్టీ సగం చుట్టి ఉంది. ఆయన తమాషాకు అడగలేదు, నిజంగానే తెలుసుకోవాలనుకుంటున్నారు. నోటిదాకా వచ్చింది. రెండే అక్షరాలు, పొల్లు కూడా అక్కర్లేదు. బాత్రూంలో నీళ్ల చప్పుడు ఆగింది.

"ఎవరిదీ కాదండీ. మిషన్‌తోపాటే వచ్చింది."

ఆయన నన్ను చూశారు. తల ఊపారు.

"ఏమో. మిషన్‌దైతే అట్ల ఆగదు" అన్నారు. "ఎవల్దైనా గని, నన్ను ఒక్కపారి సుత పడనియ్యలే."

ఆటో వచ్చిందని కిందనుంచి సాయిలు కేకేశాడు. సుమలత కొంగుతో మొహం తుడుచుకుంటూ వచ్చి, కుర్చీ వెనక చేరింది. నేను పక్కకు జరిగి దారిచ్చాను.